మీకు తెలుసా? పుస్తకం కుట్టే చేతికి ఏ కానుక ఇవ్వాలి?

డబ్లిన్ నగరానికి ఉత్తరాన బోమాంట్ అనే పేట ఉంది. 1987లో తెరిచిన పెద్దాసుపత్రి వల్ల ఆ పేరు అక్కడి మనవాళ్లకు బాగా పరిచయం. అక్కడున్న మీ చెల్లెలో, బావగారో, స్నేహితురాలో ఈమధ్య పుస్తకాలు బైండు చేయడం నేర్చుకున్నారనుకోండి. పుట్టినరోజు దగ్గరపడింది. చాలామంది ఓ ఖరీదైన డైరీ కొనిచ్చేస్తారు. ఇంటినిండా తాను కుట్టిన నోటుపుస్తకాలే ఉన్న మనిషికి అది దేనికి? నన్నడిగితే, చేసుకోవడానికి పనికొచ్చే సరుకైనా ఇవ్వండి, చేయడానికి ఒక పనైనా ఇవ్వండి.

దారంతోనే మొదలుపెడదాం. మంచి బైండింగుకు నూలు దారం కన్నా అవిసె నారతో వడికిన లినెన్ దారం మేలు. అది సాగదు, ముడి జారదు, ఏళ్ల తరబడి పేజీలు తిప్పినా తెగదు. ఆ దారానికి ఐర్లండు దీవి పెట్టింది పేరని మీకు తెలుసా? దీవి ఉత్తర భాగంలో, లిస్‌బర్న్ ఊళ్లో, బార్బర్ కుటుంబం 1784లో మొదలుపెట్టిన దారం వ్యాపారం ప్రపంచమంతా విస్తరించింది. వాళ్ల హిల్డెన్ మిల్లు 2006లో మూతపడింది. లినెన్ దారం ఉండ ఒకటి, దానికి రాయడానికి తేనెమైనం బిళ్ల ఒకటి, మొన మొద్దుగా ఉన్న సూదులు నాలుగు కొనివ్వండి. ఖర్చు తక్కువ, వాడకం ఎక్కువ.

చేయడానికి పని ఇవ్వాలనుకుంటే పాత పుస్తకమొకటి బైండింగుకు ఇవ్వొచ్చు, కానీ ముందు ఒక కథ వినండి. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉన్న బుక్ ఆఫ్ కెల్స్ గురించి వినే ఉంటారు. క్రీ.శ. 800 ప్రాంతంలో దూడ చర్మం మీద రాసిన సువార్తల గ్రంథం అది. 1007లో కెల్స్ చర్చి నుంచి ఒక గొప్ప సువార్త గ్రంథాన్ని దొంగలెత్తుకుపోయారనీ, రెండు నెలల ఇరవై రోజుల తర్వాత మట్టిపెళ్ల కింద దొరికిందనీ, బంగారం మాత్రం ఒలిచేశారనీ పాత ఐరిష్ వృత్తాంతాలు చెబుతాయి. అది ఈ గ్రంథమేనని పండితుల నమ్మకం. దొంగలకు కావలసింది పైన తొడిగిన బంగారమే, లోపలి పుటలు కాదు. అంతకన్నా బాధ కలిగించే సంగతి ఇంకోటుంది. 19వ శతాబ్దంలో ఓ బైండరు అంచులు సమంగా రావాలని పుటలను కత్తిరించేశాడు. బొమ్మల కొసలు కొన్ని పోయాయి. చివరికి 1953లో రోజర్ పావెల్ అనే నిపుణుడు ఎంతో ఓర్పుగా విప్పి, సరిచేసి, 4 సంపుటాలుగా కట్టాడు. మీరు పాత పుస్తకమేదైనా బైండింగుకు ఇస్తే, ఎంత చెదిరిన అంచులైనా కోయొద్దని చెప్పి మరీ ఇవ్వండి.

ఐర్లండులో ఇలాంటి పాత పుస్తకం కథ ఇంకోటుంది. 2006లో టిప్పరరీ జిల్లాలో ఒక యంత్రం బురదనేలను తవ్వుతుంటే ఓ తోలు సంచిలాంటిది బయటపడింది. తీరా చూస్తే పన్నెండు వందల ఏళ్ల నాటి కీర్తనల పుస్తకం, తోలు అట్టతో సహా! పుటలు ముద్దయిపోయినా అట్ట నిలిచింది. ఆ అట్ట లోపలి వైపున ఈజిప్టు దేశపు పపైరస్ కనిపించడంతో పండితులు ఆశ్చర్యపోయారు. ఎక్కడి నైలు నది, ఎక్కడి ఐర్లండు! ఫాడెన్ మోర్ సాల్టర్ అనే ఆ పుస్తకం డబ్లిన్ కిల్డేర్ వీధిలోని నేషనల్ మ్యూజియంలో ఉంది. లోపలికి టికెట్టు లేదు.

దొరికినదాని కథ అది. పోయినదాని కథ కూడా డబ్లిన్‌లోనే ఉంది. 18వ శతాబ్దపు ఐరిష్ పార్లమెంటు కార్యకలాపాల పుస్తకాలకు వేసిన తోలు బైండింగులు యూరప్‌లోనే అపురూపమైనవని పేరు. 1922 అంతర్యుద్ధంలో ఫోర్ కోర్ట్స్ భవనాల దగ్గరి రికార్డుల కార్యాలయం తగలబడినప్పుడు అవన్నీ బూడిదయ్యాయి. స్వయంగా బైండింగ్ నేర్చిన సర్ ఎడ్వర్డ్ సలివాన్ అంతకుముందే ఆ అట్టల మీద కాగితం పరిచి రుద్ది, నమూనాలు తీసిపెట్టాడు. ఆ సొగసు మనకిప్పుడు తెలిసేది ఎక్కువగా ఆ కాగితాల వల్లే.

వస్తువే ఇవ్వాలని లేదు, ఒక రోజు తోడు ఇచ్చినా చాలు. డబ్లిన్ కోట ఆవరణలోని చెస్టర్ బీటీ మ్యూజియానికి తీసుకెళ్లండి. పపైరస్ పుటల నుంచి పర్షియా, టర్కీ, భారతదేశాల చిత్రిత గ్రంథాల దాకా అక్కడున్నాయి, ప్రవేశం ఉచితం. 1707లో వెలసిన మార్ష్ లైబ్రరీ కూడా దగ్గరే. అరుదైన పుస్తకాలు పోకుండా చదివేవాళ్లను తీగల గదిలో పెట్టి తాళం వేసేవారట, ఆ గదులు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక కాగితం. ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఎ4 కాగితం ఒకటి తీసుకుని పొడవు వైపుగా ఓసారి, అడ్డంగా ఓసారి మెల్లగా వంచండి. ఒక వైపు చెప్పినట్టు వింటుంది, రెండో వైపు మొండికేస్తుంది. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నారపోగులు ఎక్కువగా ఒకే దిక్కున పడుకోవడమే దానికి కారణం. పుస్తకంలో ఆ పోగులు వెన్నుకు సమాంతరంగా ఉండాలి. లేకపోతే తేమ తగలగానే పుటలు అలలు తేలతాయి, తెరిచిన పుస్తకం తెరిచినట్టు ఉండదు. బజార్లో దొరికే ఎ4 కాగితాల్లో పోగులు సాధారణంగా పొడవునా ఉంటాయి. సగానికి మడిస్తే దిక్కు తప్పిపోతుంది. అందుకే అడ్డ పోగు ఉన్న ఎ4 కాగితం కట్ట ఇచ్చి చూడండి. బైండింగ్ చేసేవాళ్ల మొహం వెలిగిపోతుంది. అడిగి కొనాల్సిన వస్తువు కాబట్టి, మీరు వాళ్ల పనిని ఎంత శ్రద్ధగా గమనించారో దాంతోనే తెలిసిపోతుంది.

ఊరి నుంచి వెళ్లేవాళ్లు పెట్టెలో పెట్టుకోదగ్గది మాత్రం మన చేనేత గుడ్డ. మంగళగిరి నూలు, పోచంపల్లి ఇక్కత్, పెడన కలంకారీ, ఏదైనా సరే. ఎ5 సైజు నోటుపుస్తకం అట్టకు మడతలతో కలిపి సుమారు 35 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు గుడ్డ పడుతుంది. 110 సెంటీమీటర్ల పన్నా ఉన్న గుడ్డ మీటరు ఇస్తే 12 పుస్తకాలకు సరిపోతుంది. గుడ్డను నేరుగా అట్టకు అంటిస్తే జిగురు పైకి ఊరి మరకలు పడతాయి. ముందుగా వెనకవైపు పల్చటి జపాన్ కాగితాన్ని జిగురుతో అతికించి, బల్ల మీద ఆరనివ్వాలి. అప్పుడది అట్టకు కుదిరే గుడ్డవుతుంది. జరీ ఎక్కువున్నవి వద్దు, మడత దగ్గర ఎత్తుగా నిలుస్తాయి. అమ్మ కట్టి పాతబడిన నేతచీర ఉంటే, అంతకు మించింది లేదు. అంచు వెన్ను మీదికి వచ్చేలా వేసిన పుస్తకం చూశాను, ఎంత బాగుందో!

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కాగితం మడత నొక్కే పనిముట్టును చాలాచోట్ల పశువుల ఎముకతో చేస్తారు. అట్టలకు దూడతోలు, మేకతోలు వాడతారు. శాకాహారం పాటించేవాళ్లకు, పూజాపుస్తకం కట్టుకుందామనుకునేవాళ్లకు అవి ఇవ్వకండి. అదే పని చేసే టెఫ్లాన్ పట్టీ దొరుకుతుంది, తోలుకు బదులు గుడ్డ ఉండనే ఉంది. మన బైండరు షాపుల్లో మైదా ఉడికించిన జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటుండేది. ఇంట్లో పిల్లలుంటే ఆ జోలికి పోవద్దు. అది విషం, పైగా రాగి ఉప్పు కాలక్రమంలో కాగితాన్నే తినేస్తుంది. శుభ్రమైన గోధుమ పిండిపదార్థం పొట్లం ఇవ్వండి, ఎప్పటికప్పుడు కాచుకుంటారు.

బైండింగే కానుకై ఒక జీవితాన్ని మార్చిందని తెలుసా? మైకేల్ ఫారడే పద్నాలుగో ఏట, 1805లో, లండన్‌లో ఒక బైండరు దగ్గర పనికి కుదిరాడు. ఏడేళ్లు కుట్టాడు, కుడుతూ చదివాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును 300 పేజీల పుస్తకంగా తానే బైండు చేసి డేవీకే పంపాడు. మరుసటేడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడి ఉద్యోగం వచ్చింది. విద్యుత్ జనరేటరుకు పునాది వేసిన శాస్త్రవేత్త ప్రయాణం అలా మొదలైంది.

పుస్తకం కట్టి దాచుకునే ప్రేమ మన దగ్గరా ఉంది. తాటాకులకు కన్నం పొడిచి, తాడు దూర్చి, చెక్క పలకల మధ్య బిగించి దాచుకున్నవాళ్లం. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను పెట్టుకుని తాళపత్రాలకు కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు. మొన్నమొన్నటి దాకా వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లను వారం వారం చింపి దాచి, పూర్తవగానే బైండు చేయించుకున్న ఇళ్లెన్నో. వీధి చివర బైండరు దబ్బనంతో పొడిచి, క్యాలికో అట్ట వేసి, వెన్ను మీద పేరు అచ్చు వేయించి ఇచ్చేవాడు. ఇల్లు మారినప్పుడల్లా వాటిలో కొన్ని తూకానికి పోతుంటాయి.

అందుకే బోమాంట్‌కు ఈసారి ఎవరైనా వెళుతుంటే, కొత్త వస్తువుతో పాటు ఇంట్లో వెన్ను ఊడిన పుస్తకం కూడా ఒకటి పంపండి. అమ్మమ్మ వంటల నోటుపుస్తకమైనా, తాతగారి లెక్కల చిట్టా అయినా, సగం చిరిగిన చందమామల కట్ట అయినా సరే. పుటలు వరస తప్పకుండా నూలు దారంతో వదులుగా కట్టండి, రబ్బరు బ్యాండు వేయకండి, సెల్లోటేపు అసలే అంటించకండి. ఏళ్లు గడిస్తే ఆ టేపు జిగురు కాగితంలోకి ఇంకి పసుపు మరకవుతుంది. దాన్ని వదిలించడం ఎంత నేర్పరి బైండరుకైనా కష్టం.