పాస్‌వర్డ్ కరెక్టే... మరి నాన్న మెయిల్ ఎందుకు ఓపెన్ కాలేదు?

పెళ్లిళ్ల సీజన్‌లో ఓ రాత్రి ఎనిమిదిన్నరకి నాన్న ఫోన్ చేశాడు.

“బుజ్జీ, ఈ మెయిల్ పాస్‌వర్డ్ అడుగుతానే ఉందే. నేను కొడతానే ఉన్నా. మళ్లీ అడుగుతోంది.”

తెనాలిలో మాది చిన్న ప్రెస్సు. శుభలేఖలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు వేస్తాం. డిజైన్ ఓకే అయ్యాక ఫైల్‌ని విజయవాడలో ప్లేట్లు తీసేవాళ్లకి మెయిల్ చేస్తే, పొద్దున్నకి ప్లేట్లు బస్సులో వచ్చేస్తాయి. ఆ రాత్రి తొమ్మిదిన్నరలోపు ఫైల్ వెళ్లకపోతే 500 శుభలేఖలు ఒక రోజు లేటు. పార్టీ ఊరుకునే రకం కాదు.

నాన్న మెయిల్ చూసేది ఫోన్‌లో కాదు. షాపులో ఉన్న పాత కంప్యూటర్‌లో, థండర్‌బర్డ్ అనే ప్రోగ్రామ్‌లో. 2004లో దాని 1.0 వెర్షన్ వచ్చింది. ఫ్రీ సాఫ్ట్‌వేర్. మన వయసు వాళ్లలో చాలామంది పేరు కూడా విని ఉండరు. కానీ ప్రెస్సుల్లో, ఆడిటర్ల ఆఫీసుల్లో, లాయర్ల దగ్గర ఇలాంటి మెయిల్ ప్రోగ్రామ్‌లు ఇప్పటికీ నడుస్తున్నాయి.

నేను హైదరాబాద్ హాస్టల్లో ఉన్నా. పెద్ద ఎక్స్‌పర్ట్‌లా చెప్పేశా. “నాన్నా, అకౌంట్ రిమూవ్ చేసి మళ్లీ యాడ్ చేసెయ్. రెండు నిమిషాల పని.” ఫోన్‌లో మెయిల్ మొరాయిస్తే మనం చేసేది అదేగా! తీసేస్తాం, మళ్లీ పెడతాం, మెయిల్స్ అన్నీ వచ్చేస్తాయి.

నాన్న ఆ ఆప్షన్ కోసం వెతుకుతుంటే టైమ్ అయిపోతోంది. సరే, ముందు బ్రౌజర్‌లో లాగిన్ అయి ఫైల్ పంపేయమన్నా. (మీకూ ఎప్పుడైనా ఇలా అయితే మొదట చేయాల్సింది ఇదే. ప్రోగ్రామ్ మొండికేసినా మెయిల్‌బాక్స్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.) అదే పాస్‌వర్డ్‌తో వెంటనే ఓపెన్ అయింది. ఫైల్ వెళ్లిపోయింది. హమ్మయ్య అనుకునేలోపే నాన్న అన్నాడు:

“ఏమే, ఇందులో రెండు వారాలవే ఉన్నాయి. మిగతావన్నీ ఏవీ?”

అప్పుడు వెలిగింది నాకు. “నాన్నా, రిమూవ్ నొక్కావా?”

“లేదు. ఇంకా వెతుకుతున్నా.”

“వెతకొద్దు. ఏదీ ముట్టుకోకు.”

సంగతేంటంటే, మెయిల్ ప్రోగ్రామ్‌లు రెండు రకాలుగా మెయిల్స్ తెచ్చుకుంటాయి. ఒకటి ఐమ్యాప్. స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన 1986లో రాశాడు. ఇందులో మెయిల్స్ సర్వర్‌లోనే ఉంటాయి, ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మనం చూసేది వాటినే. రెండోది పాప్. పోస్టాఫీస్ ప్రోటోకాల్ అని పూర్తి పేరు. పేరుకి తగ్గట్టే పోస్టాఫీసుకెళ్లి ఉత్తరాలు ఇంటికి తెచ్చేసుకోవడం లాంటిది. తెచ్చాక అక్కడ కాపీ ఉంచాలా, ఉంచితే ఎన్ని రోజులు అనేది సెట్టింగ్‌ని బట్టి. నాన్న కంప్యూటర్‌లో పాప్ ఉంది. అందులో 14 రోజులు అని ఉంది. అంటే పన్నెండేళ్ల మెయిల్స్ ఈ భూమ్మీద ఒకే ఒక్క చోట ఉన్నాయి, మా ప్రెస్సులో ఫ్యాన్ గరగరలాడే ఆ పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లో. రిమూవ్ నొక్కినప్పుడు వచ్చే బాక్సులో మెసేజ్ డేటా కూడా తీసేయాలా అని ఒక టిక్ ఉంటుంది. నాన్న అడిగుంటే నేను “పెట్టెయ్” అనేదాన్నే.

అందుకే సెట్టింగ్స్ జోలికి పోకముందు కాపీ తీయించా. థండర్‌బర్డ్‌లో హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌కి వెళ్తే ప్రొఫైల్ ఫోల్డర్ అని కనిపిస్తుంది. దాన్ని తెరిచి, ప్రోగ్రామ్‌ని పూర్తిగా క్లోజ్ చేసి, ఆ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి. 6 జీబీ. కాపీ అయ్యేలోపు అమ్మ షాపుకే అన్నం క్యారేజీ తెచ్చేసింది.

ఇక అసలు సమస్య. పాస్‌వర్డ్ తప్పు కాదు, ఆ పాస్‌వర్డ్‌ని వేరే ప్రోగ్రామ్ నుంచి తీసుకోవడం మెయిల్ కంపెనీ మానేసింది. సెక్యూరిటీ కోసం పెద్ద మెయిల్ సర్వీసులు చాలావరకు ఇదే దారిలో వెళ్తున్నాయి. కొత్త వెర్షన్లలో అయితే సర్వర్ సెట్టింగ్స్‌లో అథెంటికేషన్ మెథడ్‌ని ‘నార్మల్ పాస్‌వర్డ్’ నుంచి ‘ఓఆథ్ 2’కి మారిస్తే, లాగిన్ పేజీ వచ్చి పనైపోతుంది. మా దాంట్లో వెర్షన్ పాతది, పాప్‌కి ఆ ఆప్షనే లేదు. అందుకని టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయించి, ‘యాప్ పాస్‌వర్డ్’ తీయించా. 16 అక్షరాలు. కాపీ పేస్ట్ చెయ్యమంటే నాన్నకి నమ్మకం కుదర్లేదు, కాయితం మీద రాశాడు. అమ్మ “బి ఫర్ బాపట్ల, జి ఫర్ గుంటూరు” అంటూ చదువుతుంటే ఒక్కోటీ కొట్టాడు. మెయిల్స్ దిగడం మొదలైంది. (ఆ కాయితం చింపించాలెండి.)

పంపడం మాత్రం కాలేదు! మెయిల్స్ వచ్చే సర్వర్ వేరు, వెళ్లే సర్వర్ వేరు. వెళ్లేదాన్ని ఎస్‌ఎమ్‌టీపీ అంటారు. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎడమ పక్క అట్టడుగున విడిగా ఉంటుంది, పాస్‌వర్డ్ కూడా విడిగా అడుగుతుంది. ఇక్కడ ఇంకో ఇరవై నిమిషాలు నా వల్లే పోయాయి. పోర్ట్ 465 అని చెప్పా, సెక్యూరిటీ మాత్రం స్టార్ట్‌టీఎల్‌ఎస్ అనే ఉంచేయమన్నా. ‘సెండింగ్’ అని గీత అలా తిరుగుతూనే ఉంది. 465కి జోడీ ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్. స్టార్ట్‌టీఎల్‌ఎస్ కావాలంటే 587. అది మార్చగానే నాన్న నాకు పంపిన టెస్ట్ మెయిల్ వచ్చింది. అందులో “అన్నం తిన్నావా” అని ఉంది. టైమ్ పదకొండుంపావు.

ఆ ఆదివారం తెనాలి వెళ్లా. పాత అకౌంట్ అలాగే ఉంచి, పక్కన అదే మెయిల్‌ని ఐమ్యాప్‌లో పెట్టా. పాత ఫోల్డర్లు ఒక్కోటీ అందులోకి కాపీ చేయడం మొదలుపెట్టా. మూవ్ కాదు, కాపీ. మధ్యలో కరెంటు పోయినా పాతవి పాతచోటే ఉండాలి కదా.

“ముందు అది చెయ్యి” అన్నాడు నాన్న, స్క్రీన్ మీద వేలు పెట్టి. ఫోల్డర్ పేరు ‘అన్నయ్య’.

పెదనాన్న వైజాగ్‌లో ఉండేవాడు. రిటైరయ్యాక మా ప్రతి శుభలేఖా ప్రూఫ్ ఆయనే చూసేవాడు. 2021లో పోయాడు. ఆ ఫోల్డర్ నేనెప్పుడూ తెరవలేదు. ఒకటి నొక్కితే రెండే లైన్లు: “పెళ్లికొడుకు తాతగారి పేరు ముందు కీ.శే. పెట్టావేంట్రా. నిన్ననే నాతో ఫోన్‌లో మాట్లాడాడు, తీసెయ్.”

నాన్న నవ్వాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇంకోటి తెరవమన్నాడు. ఆ పూట వేరే ఫోల్డర్లేవీ కాపీ కాలేదు.

పెన్‌డ్రైవ్ ఇప్పుడు గల్లాపెట్టెలో ఉంది, రసీదు పుస్తకాల కింద.