శాలువా కప్పిన పిదప

ఉద్దానమున వేసవి మూడు ఫలములను ఒక్కమారే తెచ్చును. తోటలలో జీడిపండు ఎఱ్ఱబారి పిక్క నేల రాలును. పనసకాయ బరువెక్కి మ్రానునంటి వ్రేలాడును. బడిపిల్లల పరీక్షాఫలితములు వెలువడును. మొదటి రెండింటి ధర పలాస కాశీబుగ్గ వర్తకులు చూచినంతనే చెప్పగలరు. మూడవదాని విలువ కట్టుట మాత్రము మనకింకను చక్కగా అలవడలేదు.

ఫలితములు వచ్చిన మరునాడే వీథుల కూడళ్ళలో బిడ్డల ఛాయాచిత్రములతో ఫ్లెక్సీలు వెలయును. ఆరువందలకు ఐదువందల తొంబది, ఐదువందల ఎనుబది అను అంకెలు బొమ్మకంటె పెద్దవిగా కానవచ్చును. పాఠశాలలో సభ జరుగును. పెద్దలు వేదిక నలంకరింతురు. శాలువా కప్పుదురు, జ్ఞాపిక నిత్తురు, చప్పట్లు మ్రోగును. ఈ వేడుకను మేము తప్పు పట్టము. జీడిపిక్కల రాశి చూచి మురియు ఊరు బిడ్డ చదువు చూచి మురియకుండిన యెడల ఆ ఊరికి సిగ్గు. ప్రభుత్వములును ఈ ఆచారమును పాటించుచున్నవి. 2023 జూనులో 'ఆణిముత్యాలు' అను పేర, 2025 జూనులో 'షైనింగ్ స్టార్స్' అను పేర రాష్ట్రమున ప్రతిభ గల విద్యార్థులకు సత్కారములు జరిగినవి. రెండవమారు ఒక్కొక్కరికి 20,000 రూపాయల నగదును పతకమును ఇచ్చిరి. పాలకులు మారిరి, పేరు మారినది, ఆచారము నిలిచినది. అది మంచిదే.

అయినను మా ప్రశ్న యొకటి కలదు. శాలువా కప్పిన మరునాడు ఆ బిడ్డ ఎక్కడికి పోవును? ఈ ప్రశ్నకు బదులు చెప్పలేని సన్మానము పెద్దల సంతోషమునకే గాని బిడ్డ మేలునకు కాదని మా నిశ్చితాభిప్రాయము.

మార్కు అనునది ఎత్తును కొలుచును గాని, ఎక్కిన మెట్లను కొలువదు. ఉద్దానపు బిడ్డ ఎక్కిన మెట్లెట్టివో చదువరులొక్కసారి తలపోయవలెను. 2018 అక్టోబరు 11వ తేది తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు చేరువలోనే తీరము దాటినది. తరతరముల కొబ్బరి తోటలు, జీడి తోటలు ఒక్క రాత్రిలో కూలినవి. నాడు మూడవ తరగతిలో నుండిన బాలుడు క్రమము తప్పక చదివినచో 2026 మార్చిలో పదవ తరగతి పరీక్షకు వచ్చును. తుపాను పిదప నాటిన కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకును ఇంచుమించుగా అంతకాలమే పట్టును. అనగా ఈ బిడ్డలు తమ తోటతో పాటు ఎదిగిరి; తోట కాయని యేండ్లలో తమ యింట చదివిరి. నడుమ కరోనా వచ్చినది. 2020, 2021 సంవత్సరములలో పదవ తరగతి పబ్లిక్ పరీక్షలే జరుగలేదు. 2022లో పరీక్షలు మరల జరుగగా రాష్ట్రమున ఉత్తీర్ణులు నూటికి 67.26 మంది మాత్రమే యైరి. బడి మూసియుండిన కాలమున ఎవరి యింట చేతిఫోను లేదో, ఎవరి యింట చదువు చెప్పువారు లేరో వారే వెనుకబడిరని వేరుగ చెప్ప నక్కరలేదు.

వీనికి తోడు మూత్రపిండముల వ్యాధి. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలముల ప్రజలకు దీనిని గూర్చి మేము క్రొత్తగ చెప్పవలసిన దేమియు లేదు. దాదాపు మూడు దశాబ్దములుగా వైద్యులు దీనిని గమనించుచున్నారు. మధుమేహము లేనివారికిని ఇది వచ్చుచున్నది. కారణమిదియే యని శాస్త్రజ్ఞు లింకను నిర్ణయింపలేదు. పొలముపని, కూలిపని చేయు నడివయస్సు వారిని ఇది మిక్కిలిగ పట్టుచున్నది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనాకేంద్రమును ప్రారంభమైనవి. వంశధార నీటిని హిరమండలము నుండి గొట్టముల ద్వారా ఉద్దానపు గ్రామములకు తెచ్చు పథకము నాడే ప్రారంభమైనది. ఇది కొనియాడదగిన పని. కాని డయాలసిస్ చేయించుకొను తండ్రి సాధారణముగా వారమునకు మూడుమారులు ఆసుపత్రికి పోవలెను. పోయిన ప్రతిమారును దినమంతయు గడచిపోవును. ఆ దినమున కూలి లేదు. తోడుపోవు తల్లికిని కూలి లేదు. ఇంట పెద్దబిడ్డ పదవ తరగతి చదువుచున్నదైనచో వంట ఆమెదే, తమ్ముని బడికి పంపుట ఆమెదే, నీరు తెచ్చుట ఆమెదే. మార్చి మాసమున, పరీక్షలు జరుగు దినములలోనే జీడిపిక్క రాలుట మొదలగును. పిక్క లేరుటకును చేతులు కావలెను.

అట్టి బాలిక ఆరువందలకు నాలుగువందలు తెచ్చుకొన్నదనుకొనుడు. ఆమె బొమ్మ ఏ కూడలిలోను కానరాదు. అన్ని వసతులు గల యింట, వేలకొలది రూపాయల రుసుము చెల్లించి, వసతిగృహమున నుండి చదివి ఐదువందల ఎనుబది తెచ్చుకొన్న బాలుని గొప్పతనమును మేము తక్కువ చేయము. వాని శ్రమయు శ్రమయే. కాని ఈ ఇరువురిలో ఒక్కరినే వేదిక నెక్కించు ఊరు సగము విజయమును మాత్రమే చూచుచున్నది.

ఈ జిల్లా చరిత్రమే మనకు దీనిని బోధించుచున్నది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. తమంతట తాము చదువుకొని మెట్రిక్యులేషనులో ఉత్తీర్ణులై, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయ పదవిని స్వీకరించిరి. అటుపిమ్మట సవర భాషను నేర్చి, సవర బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పుటకు పుస్తకములు రచించిరి, బడి పెట్టించిరి. తెనుగున వాడుకభాషకు వారు చేసిన సేవ లోకవిదితము. వారి పుట్టినదినమగు ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవముగ జరుపుకొనుచున్నాము. ఈ గ్రాంథికపు వ్రాతలో వారిని మేము స్తుతించుట చూచి చదువరులు చిరునవ్వు నవ్విన నవ్వుదురు గాక! మేము చెప్పదలచిన దేమనగా, తండ్రిలేని ఆ బాలుని చదువు నడుమ ఆగిపోయి యుండినచో తెనుగుదేశ మెంత కోల్పోయి యుండునో ఎవరును లెక్కకట్టలేరు. నేడు ఉద్దానమున తండ్రిని కోల్పోయిన బిడ్డలలో ఎవరేమి కానున్నారో మనకు తెలియునా?

ఇంకొక మహనీయుడు సర్దార్ గౌతు లచ్చన్నగారు. 1909లో బారువలో జన్మించిన వీరు మెట్రిక్యులేషను చదువుచుండగా, 1930లో మహాత్ముని పిలుపు విని చదువు విడిచి ఉప్పు సత్యాగ్రహమున చేరిరి. వారు పరీక్ష నెక్కకున్నను ప్రజాహృదయమున నిలిచిరి. దీనిని జూపి 'చదువు లేకున్న నేమి' అని కొందరనుచుందురు. అది సరికాదు. లచ్చన్నగారు చదువు విడుచుట త్యాగము. నేడు మన బిడ్డ చదువు విడుచుట లేమి. త్యాగమును కీర్తింతుము, లేమిని తొలగింపవలెను. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో రైతుల పక్షమున నిలిచి పోలీసు కాల్పులకు బలియైన వీరగున్నమ్మ పేరు చెప్పుకొను నేల యిది. ఈ నేలమీద ఆడుబిడ్డ చదువు పదవ తరగతితో ముగియుట మనకు గౌరవము కాదు.

పదవ తరగతి పిదప వచ్చు రెండేండ్లే మిక్కిలి ప్రమాదకరమైనవి. అంతవరకు బడి ఊరిలోనో, పొరుగూరిలోనో ఉండును. మధ్యాహ్నభోజనము అక్కడనే లభించును. తరువాత జూనియరు కళాశాల పలాసలోనో, టెక్కలిలోనో, సోంపేటలోనో ఉండును. బస్సు కావలెను, పుస్తకములు కావలెను. నువ్వలరేవు, మంచినీళ్ళపేట వంటి తీరగ్రామముల నుండి ప్రతిదినమును వచ్చిపోవుట ఆడుపిల్లలకు సులభము కాదు. మందస కొండలనుండి దిగివచ్చు సవర బిడ్డకు మరింత దుస్తరము. కొందరు జీడి పరిశ్రమలలో పప్పు పొట్టు తీయుటకు కూర్చుందురు. కొందరు వలస పోవుదురు. కొందరికి పెండ్లి చేయుదురు. శాలువా పెట్టెలో నుండును. బిడ్డ పనిలో నుండును.

తెలిసినవారు ఒక్కమాట చెప్పినచో తెరచుకొను ద్వారములును కలవు. గ్రామీణ విద్యార్థులకై 2008లో స్థాపితమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును ప్రజలు ట్రిపుల్ ఐటీ యందురు. శ్రీకాకుళము ప్రాంగణము 2016లో ఏర్పడినది. ఇందు ప్రవేశము పదవ తరగతి మార్కులను బట్టియే. ఆరు సంవత్సరములు అక్కడనే యుండి ఇంజనీరు కావచ్చును. ప్రభుత్వ పాఠశాలలలో చదివిన వారికి ఎంపికలో కొంత అదనపు గణనము కూడ కలదు. దరఖాస్తు గడువు దాటిపోయిన పిదప ఈ సంగతి తెలిసికొని విచారించుట యెవరికిని రాకూడదు. సభలో పెద్దలు చేయు సుదీర్ఘోపన్యాసములలో సగము తగ్గించి ఈ వివరములు చెప్పించినచో బిడ్డలకు మేలగును.

తప్పినవారి సంగతి యేమి? 2025 మార్చిలో రాష్ట్రమున 6,14,459 మంది పరీక్ష వ్రాయగా 4,98,585 మంది ఉత్తీర్ణులైరి. అనగా నూటికి 81.14 మంది. మిగిలినవారు లక్షా పదునైదు వేలకు పైగా కలరు. వీరి బొమ్మ లెవరును వేయరు. వీరి పేరు మాత్రము అరుగులమీద అందరును చెప్పుకొందురు. ఒక్క విషయములో ఐదు మార్కులు తక్కువైన బిడ్డ ఎందుకును కొరగానివాడు కాడు. ఆ యేడు మే మాసముననే మరల పరీక్ష జరిగినది. నెలనాళ్ళు ఉపాధ్యాయుడు చేరదీసి గణితము చెప్పినచో గట్టెక్కు బిడ్డలెందరో కలరు. ఆ నెలలో వానికి కావలసినది తిట్టు కాదు, పక్కన కూర్చుండి లెక్క చెప్పు మనిషి. ఫలితముల దినమున బిడ్డను ఒంటరిగ విడువకుడని తల్లిదండ్రులను మేము ప్రత్యేకముగ వేడుకొనుచున్నాము.

కావున పలాస, టెక్కలి, ఉద్దానము ప్రాంతముల భూస్వాములకు, వర్తకులకు, వకీళ్ళకు, వైద్యులకు మేము చేయు మనవి యిది. సన్మానసభలో మూడు పట్టికలు సిద్ధపరచుడు. మొదటిది అధికముగ మార్కులు తెచ్చుకొన్నవారిది. రెండవది కష్టములకోర్చి చదువు నిలుపుకొన్నవారిది. దీనిని ఉపాధ్యాయులే నిర్ణయింపవలెను. వారి యింటి రోగమును, పేదరికమును సభలో చాటవలదు. 'కృషికి బహుమానము' అన్న చాలును. మూడవది మరల పరీక్షకు పోవువారిది. దీనిని చదివి వినిపింప వలదు. ఉపాధ్యాయుని చేతిలో నుంచి, ఎవరికెవరు పాఠము చెప్పుదురో నిర్ణయించిన చాలును.

వేదికకు, శాలువాలకు, పూలదండలకు అగు వ్యయమున సగమైనను ఒక నిధిగ కూర్చి, రెండేండ్లపాటు బస్సు ఖర్చునకును, పుస్తకములకును వినియోగించుడు. ఒక్కొక్క దాత ఒక్కొక్క బిడ్డను ఇంటరు ముగియువరకు కనిపెట్టి యుండుట ఇంకను శ్రేష్ఠము. జీడి పరిశ్రమల యజమానులు తమ పనివారి బిడ్డలలో పదవ తరగతి ముగించినవారెందరో, చదువు సాగించుచున్నవారెందరో ప్రతి సంవత్సరమును తెలిసికొనవలెను. తోటల యజమానులు పరీక్షల మాసమున పిల్లలను పిక్కలేరుటకు పిలువరాదు. అన్నిటికంటె ముఖ్యముగ, వచ్చు వేసవి సభలో క్రొత్తవారిని సన్మానించుటకు ముందు, నిరుడు సన్మానింపబడిన బిడ్డలు నేడెక్కడ నున్నారో లెక్క చెప్పవలెను. పద్దు చదువని సంఘమును మనము నమ్ముదుమా? బిడ్డల పద్దు చదువని సన్మానసంఘమును అంతకన్న నమ్మరాదు.

ఉపాధ్యాయుల మాటయు మరువరాదు. తుపాను పిదప కప్పులెగిరిన గదులలో, కరోనా పిదప అక్షరములు మరచిన పిల్లలతో, తెనుగు ఇంటిభాష కాని ఒడియా, సవర బిడ్డలతో పని చేసినవారు వీరు. బిడ్డ గెలిచినచో ఫ్లెక్సీ, ఓడినచో మాస్టరుపై నింద యనుట న్యాయము కాదు.

బడులు మరల జూను మాసమున తెరచుకొనును. ఫలితములు వచ్చిన నాటికిని అప్పటికిని నడుమ ఆరేడు వారములు మాత్రమే యుండును. ఉద్దానపు రైతునకు మొక్క నాటుట తెలియును. నాటిన మొక్కకు మొదటి రెండు వేసవులు నీరు పోయకున్నచో నిలువదనియు తెలియును. పదవ తరగతి గట్టెక్కిన బిడ్డకును ఈ రెండేండ్లు అట్టివే. చప్పట్లు కొట్టిన చేతులు నీరును పోయవలెను. ఈ వేసవిలోనే ప్రతి గ్రామమున పదుగురు పెద్దలు కూర్చుండి, తమ ఊరి బిడ్డల పేర్లు వ్రాసికొని, కళాశాలలో చేరని వారి యింటికి పోయి కారణ మడుగుదురు గాక యని మేము కోరుచున్నాము.