ఏ మంచు కావాలి?

చలికాలం సెలవులకు ఇంటిల్లిపాదీ మంచుకొండలకు వెళ్లాలనుకుంటే ముందుగా తేల్చుకోవాల్సినవి...

ధనుర్మాసం తెల్లవారుజాము. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి దారిలో పది గజాల అవతల మనిషి ఆనవాలు చిక్కదు. 'మంచు పడుతోంది, చెవులకి గుడ్డ కట్టుకో' అంటూ ప్రతి గుమ్మంలోంచీ పెద్దవాళ్ల కేక వినిపిస్తుంది. ఉద్దానంలో జీడిపూత మాడిపోతుందని రైతు దిగులుపడేదీ 'మంచు' గురించే. తెల్లారాక గడ్డికొసన నిలిచే చుక్కా మంచే. సినిమా పాటలో పలచటి చీర కట్టుకున్న హీరోయిన్ హీరో మీద ఉండలు చుట్టి విసిరేదీ మంచే. తెలుగులో అన్నిటికీ ఒకటే మాట.

దీంతో మామూలుగా ఏ ఇబ్బందీ లేదు. 'ఈసారి చలికాలంలో మంచు చూడ్డానికి వెళదాం' అని ఇంట్లో ఎవరో అన్నప్పుడే చిక్కంతా. నాన్నమ్మ మనసులో ఉన్నది లంబసింగి పొగమంచు. పిల్లల మనసులో ఉన్నది టీవీలో చూసిన స్కీయింగ్. ఇంటాయన మాత్రం మనసులోనే టికెట్ల లెక్క వేసుకుంటుంటాడు. ముగ్గురూ 'సరే' అంటారు. తీరా వెళ్లాక ఇద్దరి ముఖాలు చిన్నబోతాయి. ఏడాదంతా కూడబెట్టిన డబ్బూ, దొరక్క దొరికిన వారం రోజుల సెలవూ అలా కరిగిపోకుండా ఉండాలంటే ఊరి పేరు కంటే ముందు ఏ మంచు కావాలో తేల్చుకోవాలి.

చేరువలో ఉన్నది చలే

పొగమంచు, చలిమంట, కొండల మీద మబ్బుల సముద్రం... ఇవి చాలనుకునేవాళ్లు దూరం పోనక్కర్లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి ఉంది. 'ఆంధ్రా కశ్మీర్' అని పేరే గానీ అక్కడ మంచు వాన కురవదు. బాగా చలి ముదిరిన రోజుల్లో గడ్డిమీదా, వాహనాల అద్దాల మీదా తెల్లటి పూత గడ్డకడుతుంది, అంతే. వంజంగి కొండమీంచి సూర్యోదయం చూడాలంటే చీకట్లోనే లేచి నడవాలి. ఒడిశాలోని దారింగబాడిదీ ఇదే కథ. 'ఒడిశా కశ్మీర్' అంటారు. ఇచ్ఛాపురం, బరంపురం మీదుగా వెళ్లొచ్చు.

వీటికంటే తక్కువమంది తలుచుకునే చోటు మరొకటుంది. పర్లాకిమిడి జిల్లాకేంద్రంగా ఉన్న గజపతి జిల్లాలో, మోహన దగ్గర చంద్రగిరి. టిబెట్ నుంచి వచ్చిన శరణార్థులు 1960ల్లో ఇక్కడి కొండల్లో స్థిరపడ్డారు. చుట్టూ మొక్కజొన్న చేలు, గాలికి రెపరెపలాడే రంగురంగుల ప్రార్థన జెండాలు, జిరంగ్‌లో 2010లో దలైలామా ప్రారంభించిన పద్మసంభవ మహావిహారం. హిమాలయాలకు వెళ్లకుండానే హిమాలయాల మనుషుల్ని చూసి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న తాతయ్యలతో, చంటిపిల్లలతో వెళ్లడానికి ఈ చుట్టుపక్కల ఇంతకంటే నెమ్మదైన చోటు అరుదు. మంచు మాత్రం ఉండదు. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి.

మంచులో ఆడుకుంటే చాలు, కొండలు అక్కర్లేదనే పిల్లలకైతే హైదరాబాద్‌లో 2004లో మొదలైన స్నోవరల్డ్ లాంటివి ఉన్నాయి. గంటసేపు సరదా.

కాళ్లకు పలకలు కట్టుకుని...

అసలు మంచు, ఆ మంచుమీద జారడం కావాలంటే హిమాలయాలే గతి. మనదేశంలో ఈ ఆటకు ప్రధానంగా చెప్పుకునేవి మూడు: జమ్మూకశ్మీర్‌లో గుల్‌మార్గ్, ఉత్తరాఖండ్‌లో ఔలీ, హిమాచల్‌ప్రదేశ్‌లో మనాలీ పక్కనున్న సొలాంగ్ లోయ. సిమ్లా వైపు కుఫ్రీ, నార్కండా ఉన్నాయి గానీ కుఫ్రీలో మంచు ఈమధ్య ఏళ్లలో నమ్మకంగా పడటం లేదు. గుర్రాలు తొక్కిన బురదే ఎక్కువ.

వెళ్లబోయే ముందు ఇంకో మాట. స్కీయింగ్ ఒక్కరోజులో వచ్చే విద్య కాదు. మొదటిపూటంతా పడటం, లేవడంతోనే సరిపోతుంది. తరవాత పలకల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి వేగం తగ్గించడం నేర్పుతారు. శిక్షకులు దీన్ని స్నోప్లవ్ అంటారు. మంచు నాగలి అన్నమాట. అది పట్టుబడితే తప్ప వాలు మీదికి పంపరు. కాబట్టి 'మధ్యాహ్నం స్కీయింగ్, సాయంత్రం షాపింగ్' అని కార్యక్రమం వేసుకునేవాళ్లు నిజానికి స్కీయింగ్ చేయరు, పలకలతో ఫొటో దిగుతారు. అదీ తప్పేం కాదు. ఆ ఫొటో కోసం మాత్రం అంత దూరం, అంత ఖర్చు అక్కర్లేదు. నిజంగా నేర్చుకోవాలనుకుంటే ఒకేచోట కనీసం మూడు నాలుగు రోజులుండాలి.

గుల్‌మార్గ్

ముగ్గురిలో పెద్దన్న ఇదే. ఊరే 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. మధ్యలో గిన్నెలాంటి మైదానం, దాని అంచుల్లో కొత్తవాళ్లు పడిలేచేందుకు వీలైన మెత్తటి వాలులు. కేంద్ర పర్యటక శాఖ నడిపే స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణ సంస్థ ఇక్కడే ఉంది. ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు 2020 నుంచి జరుగుతున్నదీ ఇక్కడే. గోండోలా అని పిలిచే రోప్‌వే రెండు అంచెల్లో ఉంటుంది. మొదటి అంచె కొంగ్‌డూరి దాకా. రెండోది అఫర్వత్ కొండ భుజం మీద దాదాపు 3,950 మీటర్ల దాకా. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి.

సముద్రం పక్క ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ రెండో అంచె పరీక్షే. గాలి పలచబడి తలనొప్పి, ఆయాసం రావచ్చు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు మొదటి అంచెతో ఆగిపోవడం మంచిది. 'ఇంత దూరం వచ్చాం కదా' అనే మాటను అక్కడ నమ్మకూడదు.

ఖర్చు చూసుకుంటే విశాఖ నుంచి ఢిల్లీకి, అక్కణ్నుంచి శ్రీనగర్‌కు విమానం, తరవాత యాభై కిలోమీటర్ల రోడ్డు. తంగ్‌మార్గ్ దాటాక మంచు ఎక్కువగా ఉంటే చక్రాలకు గొలుసులు కట్టిన బండే ఎక్కాలి. కట్రా నుంచి శ్రీనగర్‌కు 2025 జూన్‌లో వందేభారత్ రైలు మొదలైంది కాబట్టి విమానం వద్దనుకునేవాళ్లకూ దారి దొరికింది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఫోను ఉండాలి. ఈ చిన్న సంగతి తెలియక శ్రీనగర్‌లో దిగి బిక్కముఖం వేసేవాళ్లు చాలామంది.

భద్రత మాటను దాటేయలేం. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్‌లో జరిగిన ఉగ్రదాడిలో 26 మంది చనిపోయారు. వారిలో విశాఖవాసీ ఉన్నారు. ఆ తరవాత లోయలో చాలా పర్యటక ప్రాంతాలను మూసి, విడతలవారీగా తెరిచారు. ప్రయాణానికి ముందు అప్పటి పరిస్థితి ఏమిటో అధికారిక ప్రకటనల్లో చూసుకోవాలి. ఇంట్లో ఒక్కరికి భయంగా ఉన్నా బలవంతపెట్టకుండా వేరే కొండ ఎంచుకోవడమే మేలు. భయం భయంగా గడిపే సెలవు సెలవు కాదు కదా!

ఔలీ

నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్న కాలేజీ పిల్లలకు ఔలీ బాగుంటుంది. దక్షిణాసియా శీతాకాల క్రీడలు 2011లో జరిగిన వాలులు ఇవి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారం నుంచి రెండు వారాల దాకా శిక్షణ తరగతులు నడుపుతుంది. ఆకాశం తేటగా ఉంటే ఎదురుగా నందాదేవి.

కష్టమంతా దారిలోనే. రిషీకేశ్ నుంచి జోషీమఠ్‌కు సుమారు 250 కిలోమీటర్లే గానీ ఘాట్‌రోడ్డు మీద పగలంతా పడుతుంది. బస్సులో వాంతులయ్యేవాళ్లకు నరకం. జోషీమఠ్ నుంచి ఔలీకి నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఒకప్పుడు పెద్ద ఆకర్షణ. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలువారినప్పుడు దాన్ని ఆపేశారు. పాత ఫొటోలు చూసి రోప్‌వే మీద ఆశపెట్టుకోకుండా, బయల్దేరేముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. పెద్దవాళ్లకు ఓ ఊరట ఉంది. చలికాలంలో బదరీనాథ్ ఆలయం మూసి ఉన్నన్నాళ్లూ పూజలు జోషీమఠ్ నృసింహాలయంలో జరుగుతాయి. సింహాద్రి అప్పన్నను కొలిచే ఉత్తరాంధ్రవాళ్లకు అంత దూరంలో కూడా తమ దేవుడే ఎదురవుతాడు.

సొలాంగ్

మొదటిసారి, అదీ కుటుంబంతో అయితే దీనికే ఎక్కువ మార్కులు పడతాయి. స్కీయింగ్ వాలుగా చూస్తే మూడింట్లో చిన్నది. జనం కూడా ఎక్కువే. అయినా ఢిల్లీ నుంచి రాత్రి బస్సెక్కితే మర్నాటికి మనాలీ. అక్కణ్నుంచి పద్నాలుగు కిలోమీటర్లలోపే సొలాంగ్. పిల్లలు స్లెడ్జి మీద జారుతుంటే పెద్దవాళ్లు మనాలీలోనే ఎండలో కూర్చోవచ్చు, వశిష్ఠ్‌లో వేడినీటి గుండం చూడొచ్చు. సొలాంగ్‌లో మంచు లేకపోతే, 2020లో ప్రారంభమైన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి అవతల సిస్సు వైపు వెతుక్కోవచ్చు. ఒకచోట లేకపోతే ఇంకోచోట అన్న ఈ వెసులుబాటే దీని బలం.

క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో మాత్రం వెళ్లకూడదు. 2024 డిసెంబరు చివర్లో ఒక్కసారిగా మంచు కురిసి సొలాంగ్ దగ్గర వెయ్యి వరకు వాహనాలు చిక్కుకుపోయాయి. పర్యటకుల్ని పోలీసులు బయటికి తేవాల్సి వచ్చింది.

సంక్రాంతికా, రథసప్తమి తరవాతా?

అరసవల్లివాళ్లకు మిగతావాళ్లకు లేని చిక్కు ఒకటుంది. మంచు బాగా నిలిచేది జనవరి రెండో సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. సరిగ్గా అప్పుడే రథసప్తమి. 2024లో ఫిబ్రవరి 16, 2025లో ఫిబ్రవరి 4, 2026లో జనవరి 25. అర్ధరాత్రి దాటినప్పటి నుంచీ క్షీరాభిషేకం, కిలోమీటర్ల కొద్దీ క్యూలు, ప్రతి ఇంటికీ పదిమంది చుట్టాలు. ఆ రోజు ఊళ్లో లేకపోవడమనే మాటే ఉండదు. 2025లో ప్రభుత్వం దీన్ని రాష్ట్రపండుగగా ప్రకటించాక సందడి మరీ పెరిగింది.

పిల్లల బడికి సెలవులుండేది సంక్రాంతికి. కానీ అప్పటికి మంచు పడుతుందన్న హామీ లేదు. 2024 జనవరిలో గుల్‌మార్గ్ మైదానం గోధుమరంగు గడ్డితో బోసిపోయింది. నెలాఖరుకి గానీ మంచు రాలేదు. 2025లో ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా పోటీలే మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. ఔలీలోనూ ఇదే కారణంతో పోటీలు రద్దయిన సందర్భాలున్నాయి. అందుకే రథసప్తమి వెళ్లిన చుట్టాల్ని సాగనంపి, బడికి నాలుగైదు రోజులు సెలవు చీటీ రాసి ఫిబ్రవరిలో వెళ్లడమే తెలివైన పని. ఇంట్లో పదో తరగతి, ఇంటర్ పిల్లలుంటే మాత్రం ఈ ఏడాదికి ఆశ వదులుకోవాల్సిందే. సంక్రాంతికే వెళ్లక తప్పదంటే, మంచు లేకపోయినా బాగుండే ఊరునే ఎంచుకోవాలి. ఆ లెక్కన మళ్లీ మనాలీయే.

మంచు ఉందా లేదా అన్నది హోటల్‌వాళ్లను అడిగితే ఏటా ఒకే జవాబు వస్తుంది. ఆ వారం తీసిన వీడియోలు, వాతావరణశాఖ సూచనలు చూడటం నయం. గది రద్దు చేసుకుంటే డబ్బు ఎంత వెనక్కిస్తారో డబ్బు కట్టకముందే రాయించుకోవాలి.

తూర్పు దారి

మంచు కావాలి, స్కీయింగ్ అక్కర్లేదు అనేవాళ్లు ఢిల్లీ వైపే ఎందుకు చూడాలి? ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ హావ్‌డా లైను మీదే ఉంది. కోల్‌కతా చేరి, రాత్రి సియాల్దాలో డార్జిలింగ్ మెయిల్ ఎక్కితే తెల్లారేసరికి న్యూజల్‌పాయ్‌గురి. అక్కణ్నుంచి రోడ్డు మీద గ్యాంగ్‌టక్. నలభై కిలోమీటర్ల లోపున్న సోంగో సరస్సు చలికాలంలో గడ్డకడుతుంది. ఇది 3,750 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి గుల్‌మార్గ్ రెండో అంచెకు చెప్పిన జాగ్రత్తలే దీనికీ. సరిహద్దు ప్రాంతం కనుక అనుమతి పత్రం తప్పనిసరి. గుర్తింపు కార్డులు, ఫొటోలు దగ్గరుంచుకోవాలి. ఉత్తర సిక్కింలోని లాచుంగ్ ఇంకా అందమైనదే గానీ 2023 అక్టోబరులో తీస్తా వరద ఆ దారుల్ని బాగా దెబ్బతీసింది. రోడ్డు సంగతి కనుక్కోకుండా బయల్దేరకూడదు.

ఏం కొనాలి, ఏం కొనకూడదు

పదిహేను డిగ్రీలకే స్వెట్టర్లు తీసే ఊరినుంచి సున్నాకి దిగువన పదికి వెళుతున్నామని హడావుడిగా ఖరీదైన కోట్లు కొనేస్తారు చాలామంది. మళ్లీ అరసవల్లిలో వాటితో ఏం పని? మనాలీ నుంచి సొలాంగ్ వెళ్లే దారి పొడవునా నంబర్లు వేసిన దుకాణాల్లో కోటు, గమ్‌బూట్లు అద్దెకిస్తారు. గుల్‌మార్గ్‌లోనూ దొరుకుతాయి. చిరుగులూ జిప్పులూ చూసుకుని, బేరమాడి తీసుకోవాలి. కొనాల్సినవి లోపలివే. థర్మల్ బనీన్లు, ఉన్ని మేజోళ్లు మనిషికి మూడేసి జతలు, నీళ్లు ఇంకని చేతి తొడుగులు. నూలు మేజోళ్లు తడిస్తే ఆరవు, కాళ్లు కొయ్యబారతాయి. ఒక్క మందపాటి స్వెట్టరు కన్నా మూడు పలచటివి ఒకదానిమీద ఒకటి వేసుకుంటేనే వెచ్చదనం ఎక్కువ.

వీటన్నిటికంటే ముఖ్యంగా నల్ల కళ్లద్దాలు, ముఖానికి సన్‌స్క్రీన్. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో ఎనభై శాతం దాకా వెనక్కి తిప్పికొడుతుంది. పైనుంచీ కిందనుంచీ కూడా ఎండే. మనవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. మంచుకొండల్లో ఎండేమిటని నవ్వేసి, వారం తరవాత ముక్కు మీద తోలు ఊడుతుండగా నల్లగా కమిలి తిరిగొస్తారు. గుడి దగ్గర కనిపించిన పక్కింటావిడ ఎగాదిగా చూసి అడుగుతుంది... 'చలికి వెళ్లొచ్చారా, ఎండకి వెళ్లొచ్చారా?'