ఎన్నిసార్లు రాస్తే బొమ్మ అమ్ముడవుతుంది?

కొండపల్లి బొమ్మలు ఇంటర్నెట్‌లోనూ అమ్ముడవుతున్నాయి. వెబ్‌సైట్‌లో వాటి గురించి రాసేవారికి తరచు వినిపించే సలహా ఒకటుంది: కొనేవారు వెతికే మాట ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టాలని. 100 మాటల్లో ‘బొమ్మ’ 3 సార్లు వస్తే 3 శాతం. దీన్నే కీవర్డ్ డెన్సిటీ అంటారు.

లెక్క తేలికే. చిక్కల్లా తెలుగుతోనే. బొమ్మ, బొమ్మను, బొమ్మలకు, బొమ్మలతో - మనకు ఒకటే మాట. అక్షరాలు మాత్రమే పోల్చే యంత్రానికి నాలుగు. శాతం తగ్గిందని కంగారుపడి ప్రతి వాక్యంలోనూ ‘కొండపల్లి బొమ్మ’ ఇరికిస్తే చదివేవారికి విసుగే మిగులుతుంది.

1990లలో సెర్చ్ ఇంజన్లు ఈ ఎత్తుకు లొంగేవి. తెల్లని పేజీపై తెల్లని అక్షరాలతో అదే మాటను పదేపదే దాచినవారూ ఉన్నారు. ఇప్పుడు గూగుల్ నిబంధనల ప్రకారం ఇలా కూరడం తప్పు. ఆ పేజీ వెనక్కి పోవచ్చు, అసలు కనిపించకనూ పోవచ్చు. పేజీ కనిపించకపోతే బేరమూ లేదు.

ఒక మాట మితిమీరిందేమో చూసుకోవడానికి లెక్క మంచిదే. కానీ కొనేవారు అడిగేవి వేరు: తెల్లపొణికి కర్రతో చేసిందేనా? దశావతారాలా, అంబారీ ఏనుగా? ఎత్తెంత, ధరెంత? వీటికి జవాబులు రాస్తే ‘బొమ్మ’ పడవలసిన చోట దానంతట అదే పడుతుంది.