తీరం లాభంలో ఊరి వాటా

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో 2008లో కృష్ణపట్నం రేవు మొదలైంది. ఆ తర్వాత నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం వెలసింది. అదే తీరాన మత్స్యకారులు వేటకు వెళ్తారు, కూలీలు రొయ్యల చెరువుల్లో పనిచేస్తారు.

ఇలాంటి చోట పనిచేసే పెద్ద కంపెనీల లాభంలో ఊరికీ వాటా ఉండాలా? ఉండాలనే చట్టం అంటోంది.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవరు రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు. ఏ కంపెనీ అయినా వీటిలో ఏ ఒక్క స్థాయిని చేరినా, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం చదువు, ఆరోగ్యం, తాగునీరు, పర్యావరణం వంటి వాటికి ఖర్చు పెట్టాలి. సొంత ఉద్యోగులకే మేలు చేసే పనులు లెక్కలోకి రావు. కంపెనీ పనిచేసే చోటికి, చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యమివ్వాలి.

ఊరికి ఇచ్చే గుణం చట్టంతో పుట్టింది కాదు. నెల్లూరు వి.ఆర్. కాలేజీ దాన్ని ఆదరించిన వెంకటగిరి రాజాల పేరు మీదే ఉంది. ఔషధ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ సేవా సంస్థ అయిన డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1996లోనే మొదలైంది.

చట్టం ప్రకారం ఖర్చు పెట్టేందుకు ఆమోదించిన పనుల వివరాలను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. తీర గ్రామాల యువత వాటిని చదవాలి, తమ ఊరి అవసరాలను కంపెనీల ముందు పెట్టాలి.