తెగింది నారి ఒక్కటేనా?

"తెగేదాకా లాగొద్దు" అని పెద్దవాళ్లు అంటుంటారు. మాట మంచిదే కానీ, వింటినారి విషయంలో అది సగమే నిజం. నారి మీద అతి పెద్ద దెబ్బ పడేది లాగేటప్పుడు కాదు, వదిలాక. వేగంగా ముందుకు దూసుకెళ్లిన నారి ఒక్కసారిగా ఆగే ఆ క్షణంలో. అప్పటికే అరిగిపోయి ఉంటే అక్కడ పుటుక్కుమంటుంది. అప్పుడు మనలో నూటికి తొంభైమంది చేసే పని ఒకటే: "కొత్త నారి తెప్పిద్దాం, రేపట్నించి మళ్లీ మొదలెడదాం." ఈ వ్యాసం ఆ "రేపట్నించి" గురించి. ఎందుకంటే నారి తెగడం కంటికి కనిపించే నష్టం. కనిపించని నష్టం విల్లులో ఉండిపోవచ్చు.

ఇప్పుడు ఈ గోల ఎందుకంటే, మన వైపు ఆర్చరీ మీద మోజు పెరిగే రోజులివి. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విభాగంలో మూడు స్వర్ణాలు తెచ్చింది. మన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రికర్వ్ మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ కూడా మొదటిసారి ఉండబోతోంది. రేపు ఏ కాలేజీలోనైనా నలుగురు కలిసి ఒక విల్లు కొంటే, దాన్ని నలభైమంది పట్టుకుంటారు. అక్కడే ఉంది అసలు చిక్కు.

ముందు లెక్క చూద్దాం

ఫోర్స్-డిస్ప్లేస్‌మెంట్ గ్రాఫ్ కింద వైశాల్యమే పని అని ఫస్టియర్‌లో చదువుకున్నాం కదా. దాన్నే ఇక్కడ వాడదాం. పోటీల్లో వాడే కాంపౌండ్ విల్లు బలం గరిష్ఠంగా 60 పౌండ్లు, అంటే సుమారు 267 న్యూటన్లు. నారిని వెనక్కి లాగే దూరం అర మీటరు పైచిలుకు, 0.53 మీటర్లు అనుకుందాం. ఈ రెండిటినీ గుణిస్తే 142 జౌల్స్. కాకపోతే బలం మొదటినుంచీ చివరిదాకా ఒకేలా ఉండదు. అందులో ముప్పావు వంతు వేసుకున్నా 100 జౌల్స్ దాటుతుంది. పది కిలోల బియ్యం మూటని మీటరు ఎత్తు నుంచి పడేస్తే నేలకి తగిలే దెబ్బ అంత.

బాణం ఉన్నప్పుడు ఈ శక్తిలో ఎనభై శాతం చుట్టుపక్కల బాణం పట్టుకుపోతుంది. మిగిలింది కంపనంగా, శబ్దంగా విల్లులోనే ఖర్చవుతుంది. విల్లుని డిజైన్ చేసేది ఆ మిగిలిన కొంచాన్ని భరించడానికే. బాణం లేకుండా నారి వదిలితే? పట్టుకుపోయేవాడు లేడు కాబట్టి ఆ మూట మొత్తం విల్లు మీదే పడుతుంది. దీన్నే డ్రై ఫైర్ అంటారు. "ఖాళీగా లాగి వదిలి చూద్దాం, సౌండ్ ఎలా వస్తుందో" అనే సరదా అందుకే అస్సలు పనికిరాదు.

నారి తెగడం డ్రై ఫైర్‌కి అన్న లాంటిది. డ్రై ఫైర్‌లో కనీసం నారి అడ్డుపడి లింబ్‌లని ఒకచోట ఆపుతుంది. నారే తెగితే ఆపేవాడు లేక లింబ్‌లు వాటి హద్దు దాటి ముందుకు కొట్టుకుంటాయి. లింబ్ అంటే గాజు నారపోగుల్ని ఎపాక్సీతో అంటించి చేసిన బద్ద. వంగడానికి పుట్టింది కానీ అడ్డదిడ్డంగా అదరడానికి కాదు. లోపల పొరలు విడిపోయినా పైకి రంగు చెక్కుచెదరకుండా ఉండొచ్చు.

క్రాస్‌బో సంగతి

తుపాకీ కర్ర లాంటి దాని మీద విల్లుని అడ్డంగా బిగిస్తే క్రాస్‌బో. సినిమాల్లో చూసే ఉంటారు. ఆర్చరీ జాతీయ పోటీల్లో ఇది ఉండదు, అక్కడ రికర్వ్, కాంపౌండ్, వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ ఉంటాయి. అయినా నారి తెగినప్పుడు ఏమవుతుందో క్రాస్‌బోలో ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. ఎందుకంటే దాని లాగుడు దూరం తక్కువ, 13 అంగుళాల దాకా. ఆ కొరత తీర్చడానికి బలం 150, 175 పౌండ్లు పెడతారు. పైగా నారి మధ్యభాగం ప్రతిసారీ బాణం కూర్చునే పట్టాల మీద రాసుకుంటూ వెళ్తుంది. అందుకే క్రాస్‌బో నారి సాధారణంగా మధ్యలోనే అరుగుతుంది. పట్టాలకి తయారీదారు చెప్పిన నూనె రాయకపోతే ఇంకా తొందరగా. నారిని పట్టి ఉంచే కొక్కెం అంచు మీద చిన్న గరుకు ఉన్నా అది రోజూ ఒక పోగుని కోస్తూనే ఉంటుంది.

తెగిన వెంటనే

మొదట మనుషుల్ని చూడండి. పట్టుకున్నవాళ్ల కళ్లు, ముంజేయి, చెంప. తెగిన నారి కొరడాలా తగులుతుంది. కంటి దగ్గర ఏం తగిలినా నలపకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి. తర్వాత పక్కవాళ్లందరినీ షూటింగ్ ఆపమని చెప్పండి.

విల్లుని కింద పెట్టేయండి. కాంపౌండ్‌లో నారి తెగినా కేబుళ్లు ఇంకా బిగుతుగా ఉండొచ్చు. వేలు పెట్టి లాగి చూడొద్దు. ఎగిరిపోయిన క్లిప్పులు, పిన్నులు, పీప్ ముక్కలు ఏరి ఒక కవర్లో వెయ్యండి. తెగిన నారిని మాత్రం పారెయ్యొద్దు. ఎందుకు తెగిందో చెప్పగలిగే సాక్షి అదొక్కటే.

నారి చెప్పే సాక్ష్యం

తెగిన రెండు కొసల్నీ వెలుతురులో పక్కపక్కన పెట్టండి. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేసేవాళ్లు అతుకుల్ని భూతద్దంలో చూస్తారే, అలాంటి ఓపికతో చూడాలి.

పోగులన్నీ ఒకే గీత మీద తెగి ఉంటే అది కోత. కత్తి తగిలిందో, బాణపు ములుకు గీసిందో అయ్యుంటుంది. పోగులు ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా, కొసలు పీచు లేచి ఉంటే అది అరుగుదల. గిలకలదిండి రేవులో తాడు చూడగానే "ఇది ఇంక పనికిరాదు" అనేది ఆ పీచు చూసే.

తెగిన చోటు కూడా ముఖ్యం. బాణం తగిలించే మధ్యభాగంలో తెగితే అక్కడి సర్వింగ్, అంటే నారి మీద చుట్టిన రక్షణ దారం, ముందే వదులై ఉంటుంది. లేదా బాణపు నాక్ మరీ బిగుతుగా ఉండి రోజూ రాసుకుని ఉంటుంది. కొస దగ్గర, క్యామ్ కొక్కేనికి తగిలించే ఉంగరంలో తెగితే అనుమానం నారి మీద కాదు, ఆ కొక్కెం మీద. క్యామ్ అంటే గుండ్రంగా లేని గిలక అనుకోండి. దాని గాడిలో ఒక్క గాటు ఉన్నా ఎన్ని కొత్త నారులు వేసినా అక్కడే తెగుతాయి.

నారిలో ఏ తప్పూ కనిపించకపోతే బాణాన్ని చూడండి. నాక్ పగిలి ఉంటే వదిలిన క్షణంలో అది నారి నుంచి జారిపోతుంది. అంటే మీకు తెలియకుండానే డ్రై ఫైర్ అయిందన్నమాట. బాణం మరీ తేలికైనా అంతే. పౌండుకి కనీసం 5 గ్రెయిన్ల బరువు ఉండాలనేది తయారీదారులు సాధారణంగా పెట్టే హద్దు. 60 పౌండ్ల విల్లుకి 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైమాటే.

విల్లు పరీక్ష

ఇక అసలు పని. కింది వరసలోనే చూడండి.

1. లింబ్‌లు: కొంచెం దూది తీసుకుని నాలుగు అంచుల వెంబడీ మెల్లగా తుడవండి. దూది పోగు ఎక్కడ తట్టుకుంటే అక్కడ చీలిక ఉంది. చేతివేళ్లతో మాత్రం తడమొద్దు, గాజు పేళ్లు గుచ్చుకుంటే అంత సులువుగా రావు. తెల్లటి గీతలు, పొంగిన మచ్చలు, రంగులో వెంట్రుకంత పగుళ్లు ఉన్నాయేమో ఫోన్ టార్చ్‌ని ఏటవాలుగా పెట్టి చూడండి.

2. క్యామ్‌లు: వెనక నుంచి ఒక కన్ను మూసి చూస్తే క్యామ్, నారి దారి ఒకే గీతలో ఉండాలి. వంగినట్టు కనిపిస్తే క్యామ్ అయినా, ఇరుసు అయినా వంగింది. గాడిలో కూడా దూదిని తిప్పండి.

3. ఇరుసులు: షాపులో విప్పినప్పుడు ఇరుసుని గాజుపలక మీద దొర్లించమనండి. తిన్నగా ఉన్నది నున్నగా దొర్లుతుంది, వంగింది ఎగిరెగిరి పడుతుంది.

4. రైజర్: చేత్తో పట్టుకునే ఆ లోహపు భాగంలో బోల్టు రంధ్రాల చుట్టూ, లింబ్ కూర్చునే గూడు చుట్టూ పగుళ్లు వెతకండి.

5. మిగతావి: సైట్, రెస్ట్, స్టెబిలైజర్ స్క్రూలు అన్నీ వదులయ్యే ఉంటాయి. బాణం కార్బన్‌దైతే మొహానికి దూరంగా పట్టుకుని కొద్దిగా వంచుతూ తిప్పండి. చిటపట వినిపిస్తే విరిచి పారెయ్యండి.

లింబ్‌లో తేడా కనిపిస్తే "కొన్నాళ్లు నడుస్తుందిలే" అనే మాట లేదు. జిగురు పెట్టి అతికించడం అసలే లేదు. రెండు లింబ్‌లూ జతగానే మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది అయితే వంపు సరిపోలదు. పోటీ స్థాయి కాంపౌండ్ విల్లు ధర లక్ష రూపాయలు సులువుగా దాటుతుంది కాబట్టి ఈ మాట చెప్పడం తేలిక, వినడం కష్టం. కానీ ఆ లింబ్ ఉండేది ఎవరో ఒకరి మొహానికి జానెడు, మూరెడు దూరంలోనే.

కొత్త నారి ఎక్కించడం

కాంపౌండ్ విల్లుకైనా, కాంపౌండ్ క్రాస్‌బోకైనా నారి మార్చాలంటే బో ప్రెస్ కావాలి. ఇద్దరు బలంగా పట్టుకుని ఒకడు తగిలించే కార్యక్రమం వద్దు. రికర్వ్‌కి స్ట్రింగర్ తాడు ఉంటుంది, అదే వాడండి. తొడ కింద పెట్టి వంచితే లింబ్ మెలి తిరుగుతుంది.

నారితోపాటు కేబుళ్లు కూడా మార్చడం మంచిది. వాటి వయసూ అంతే కదా. పొడవు ఎంతో లింబ్ మీద ఉన్న స్టిక్కర్లో గానీ మాన్యువల్లో గానీ ఉంటుంది. పాత నారిని కొలిచి అదే సైజు చేయించొద్దు, అది అప్పటికే సాగి ఉంటుంది. పాతకాలపు విల్లయితే ఇంకో జాగ్రత్త: డేక్రాన్ నారికి తయారైన విల్లుకి ఇప్పటి సాగని నారి వేస్తే వింటికొప్పులు ఆ అదురుకి పగులుతాయి. డేక్రాన్ కొంచెం సాగి దెబ్బని మింగుతుంది, ఇప్పటి పాలిథిలిన్ పోగు మింగదు.

ఎక్కించాక మూడు కొలతలు తీయండి. ఇరుసు నుంచి ఇరుసుకి దూరం, నారికీ పిడికీ మధ్య దూరం, స్కేలు పెట్టి లాగుడు బలం. సెట్టింగ్ మార్చకుండానే బలం మునుపటికన్నా తగ్గిందంటే లింబ్ లోపల ఏదో విడిపోయిందని అనుమానించాలి. అన్నీ సరిపోతే ఒక రాత్రి అలాగే ఉంచి, పొద్దున మళ్లీ దూది పరీక్ష చెయ్యండి. ఆ తర్వాతే కళ్లద్దాలు పెట్టుకుని, మాన్యువల్ ఒప్పుకున్నంత తక్కువ బలంలో, సరైన బరువున్న బాణంతో నాలుగైదు షాట్లు. ఆపి మళ్లీ చూడండి.

మన గాలి, మన ఎండ

బందరు గాలిలో ఉప్పు ఉంది. పాలిథిలిన్ నారి నీళ్లు పీల్చదు కాబట్టి దానికి తేమ భయం లేదు. భయం ఇరుసులకీ, క్లిప్పులకీ, స్క్రూలకీ. ఇనుము తుప్పు పట్టి గరుకెక్కితే అదే నారిని కోస్తుంది. వాడాక పొడిగుడ్డతో తుడిచి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి.

నారికి అసలు శత్రువు వేడి. ఈ పోగు 140 డిగ్రీలు దాటగానే కరిగే రకం. కరిగేంత వేడి అక్కర్లేదు, మే నెలలో ఎండలో ఆపిన కారు డిక్కీ చాలు, బిగుతు మీద ఉన్న నారి మెల్లగా సాగడానికి. సాగితే క్యామ్‌ల టైమింగ్ పోతుంది. వారానికోసారి సర్వింగ్ లేని చోట మైనం రాసి, వేళ్ల వేడితో ఇంకేలా రుద్దండి. రుద్దినా పీచు అణగకపోతే నారి రోజులు దగ్గరపడ్డట్టే.

వెదురు విల్లు, రికర్వ్ అయితే పని అయ్యాక నారి దించెయ్యాలి. విరాటపర్వంలో పాండవులు జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచేముందు విండ్ల నారులు సడలించారని చదివినప్పుడు అదేదో లాంఛనం అనుకుంటాం. అది మెయింటెనెన్స్. ఏడాదిపాటు నారి ఎక్కించి వదిలేస్తే కర్ర ఆ వంపులోనే ఉండిపోతుంది. కాంపౌండ్‌కి మాత్రం ఇది వర్తించదు, దాన్ని అలాగే ఉంచాలి.

చివరి మాట

పోటీలో నారి తెగితే ఏం చెయ్యాలో నిబంధనలున్నాయి. క్వాలిఫికేషన్ రౌండ్లో బాగుచేసుకోవడానికి కొంత సమయం ఇస్తారు. నాకౌట్ మ్యాచ్‌లో ఒక్క క్షణం కూడా ఎక్కువ ఇవ్వరు. అందుకే పెద్ద ఆటగాళ్లు రెండో విల్లు సిద్ధంగా ఉంచుకుంటారు. మన క్లబ్బుల్లో రెండో విల్లు ఉండకపోవచ్చు, కానీ ఒక నోటుబుక్కు ఉండగలదు. నారి ఏ రోజు వేశారు, సుమారు ఎన్ని షాట్లు అయ్యాయి, ఎప్పుడైనా డ్రై ఫైర్ అయిందా, అయితే ఎవరు చూశారు. "నేనే చేశాను" అని రాసినవాణ్ణి ఎవరూ తిట్టకూడదనే రూలు మొదటి పేజీలోనే పెట్టుకోండి. తిడతారన్న భయంతో ఒకడు చెప్పకుండా విల్లుని పెట్టెలో పెట్టేస్తే, రేపు పొద్దున్న దాన్ని తీసేది ఏ సంగతీ తెలియని జూనియర్.