హార్డ్ డిస్కులో దాచిన అర

కంప్యూటరు మొరాయిస్తే ఒకప్పుడు ముందు వెతకాల్సింది సీడీని. కొన్నప్పుడు డబ్బాలో వచ్చిన ఆ డిస్కు ఏ బీరువాలో ఉందో ఇంట్లో ఎవరికీ గుర్తుండేది కాదు. దొరికినా దాని నిండా గీతలే.

2011 జులై 20న ఆపిల్ 'లయన్' అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆన్‌లైన్ స్టోర్‌లో అమ్మకానికి పెట్టింది. డిస్కు లేదు, దించుకోవాల్సిందే. మరి సిస్టమ్ పాడైతే మళ్లీ దించుకునేదెలా? దించాల్సిన యంత్రమే కదా పడకేసింది! ఇందుకు ఇంజినీర్లు హార్డ్ డిస్కులోనే దాదాపు 650 ఎంబీల అర ఒకటి కట్టారు. మామూలుగా అది కంటికి కనిపించదు. కమాండ్, ఆర్ మీటలు నొక్కిపట్టి ఆన్ చేస్తే, చెడిన సిస్టమ్ జోలికి పోకుండా యంత్రం ఆ అరలోంచి మేలుకుంటుంది. దాదాపు 4 జీబీల కొత్త సిస్టమ్ అందులో పట్టదు. దాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చి ఎక్కించే పనిముట్లే అక్కడుంటాయి.

డిస్కే పోతే అరా పోతుంది. అందుకే ఆ ఏడాది వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్, మ్యాక్ మినీలలో ఈ పనిని డిస్కుతో సంబంధం లేకుండా యంత్రంలోనే ఉండే ఫర్మ్‌వేర్‌కు అప్పగించారు. ఖాళీ డిస్కు బిగించినా చాలు, వైఫై పాస్‌వర్డ్ ఇవ్వగానే తెర మీద భూగోళం బొమ్మ తిరుగుతుంది, ఆపిల్ సర్వర్ల నుంచి అన్నీ దిగుతాయి. ఈ కథ మొత్తంలో ఇంత చక్కని ఆలోచన మరొకటి లేదు.

విండోస్ 8 కూడా 2012లో సిస్టమ్‌ను తిరిగి ఎక్కించే 'రిఫ్రెష్', 'రీసెట్' తెచ్చింది. విండోస్ 10 వేరే కాపీతో పని లేకుండా తన ఫైళ్లతోనే తనను తాను తిరిగి కూర్చుకోవడం నేర్చింది. ఆ ఫైళ్లే చెడితే? వాటిని ఇంటర్నెట్ నుంచి దించుకునే క్లౌడ్ డౌన్‌లోడ్ 2020లో వచ్చింది. ఒక్క జాగ్రత్త: 'నా ఫైళ్లు ఉంచు' అని ఎంచుకుంటే ఫొటోలు, పత్రాలు మిగులుతాయి కానీ, విడిగా ఎక్కించుకున్న ప్రోగ్రాములు పోతాయి.

2024 జులై 19న ఈ పనిముట్లకు అసలు పరీక్ష ఎదురైంది. సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. తీసేయాల్సింది ఒక్క ఫైలు, పేరు సి-00000291తో మొదలవుతుంది. కానీ చాలాచోట్ల ప్రతి యంత్రం ముందూ ఒక మనిషి కూర్చోవాల్సి వచ్చింది. రికవరీ తెర తెరిచి, డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల కీ కొట్టాకే ఆ ఫైలు చేతికందేది.

ఆ నవంబరులో మైక్రోసాఫ్ట్ 'క్విక్ మెషిన్ రికవరీ'ని ప్రకటించింది. బూట్ కాని యంత్రం రికవరీ అరలోంచే నెట్‌వర్క్ అందుకుని, విండోస్ అప్‌డేట్ నుంచి సవరణ తెచ్చుకుంటుంది.